ఒక హెచ్ తక్కువ

వంతెన రాసిన మనిషిని వంతెన మీదే చంపారు.

వంతెనను కడతారు గాని రాస్తారా అని అనుమానం రావచ్చు. అది ఒక లైబ్రరీ పేరు. సాఫ్ట్‌వేర్ వాళ్ళ లెక్కలో లైబ్రరీ అంటే ఒకరు రాసిపెడితే పదిమంది తెచ్చుకుని వాడుకునే ప్రోగ్రామ్ ముక్క. దాన్ని రాసినాయన హార్బర్ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాడు. ఆఫీసంతా ఆయన్ని మేస్త్రి అనేది. ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. కాలువ మీది కాలినడక వంతెన పైన, ఆఫీసులకు పరుగెత్తే జనం మధ్య, రెయిన్‌కోటు వేసుకున్న ఒకడు మేస్త్రిని భుజంతో తాకాడు. సారీ కూడా చెప్పాడు. నాలుగడుగులు వేశాక మేస్త్రి కమ్మీ పట్టుకుని కూలబడ్డాడు. మెడ మీద సూదిమొనంత ఎర్రటి చుక్క. అంబులెన్స్ వచ్చేసరికి ప్రాణం పోయింది. వెతుకుదామంటే ఆ వంతెన మీద రెయిన్‌కోటు లేనివాడే లేడు.

అంతకు కాసేపటి ముందే ఆయన దేశ గూఢచారి డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేశాడు. డ్యూటీ ఆపరేటర్‌తో ఒక్క ముక్క అన్నాడు. "నా వంతెన నాది కాదు." తర్వాత లైన్ కట్ అయింది.

ఆ మాట వినగానే డిపార్ట్‌మెంట్ తన తెలివంతా ఉపయోగించి కాలువలోకి ఈతగాళ్ళను దింపింది, వంతెన కింద బాంబు ఉందేమోనని. వాళ్ళకు రెండు తుప్పు సైకిళ్ళు, ఒక కాలు విరిగిన కుర్చీ దొరికాయి.

*

గడియారాల రిపేరు షాపులో కౌంటర్ వెనక కూర్చున్న ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని, తలెత్తకుండానే ఏం కావాలని అడిగాడు. వచ్చినావిడ తన గడియారం వెనక్కి నడుస్తోందని చెప్పింది.

"ముందుకు నడిచేవి మాత్రం ఎక్కడికి పోతున్నాయి లెండి," అన్నాడాయన.

అది కోడ్. కౌంటర్ కింద మీట నొక్కగానే గోడగడియారాల వరుస తలుపులా తెరుచుకుంది.

ఆవిడ పేరు డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో గోరింక. ఎవరి మాటనైనా ఒక్కసారి వింటే చాలు, యాసతో సహా అచ్చంగా పలికేస్తుందని ఆ పేరు పెట్టారు. నలభై దాటింది. మెట్లెక్కితే మోకాలు మొరాయిస్తుంది. అబద్ధం చెప్పేటప్పుడు మాత్రం ముఖంలో ఒక్క గీత కదలదు. గూఢచారి కాకముందు ఆమె ప్యాకేజింగ్ ఇంజనీరు. అంటే ఒక ప్రోగ్రామ్‌ను, అది వాడుకునే అరువు లైబ్రరీలన్నిటితో సహా మూటకట్టి, ఎవరి మెషీన్ మీద విప్పినా పనిచేసేలా పంపే పని. తుపాకుల మధ్య గడిపిన ఇన్నేళ్ళూ ఒక ఎత్తు, ఆ మూటలు కట్టిన రోజులు ఒక ఎత్తు అనేది ఆమె. తుపాకీ ఎవడి చేతిలో ఉందో కనిపిస్తుంది. అరువు తెచ్చిన లైబ్రరీ వెనక ఎవడున్నాడో కనపడదు.

చీఫ్‌ను అందరూ పెద్దాయన అంటారు. ఆయన బ్రీఫింగ్ టెలిగ్రామ్‌లా ఉంటుంది. కొక్కెం అనే పరాయిదేశపు ముఠా మళ్ళీ కదిలింది. ఈ మధ్యాహ్నం రేవులోకి గ్యాస్ ఓడ వస్తోంది. రేవు ముఖద్వారంలో దువ్వెన రాళ్ళున్నాయి. ఓడ ఆ రాళ్ళకు తగిలితే రేవు మిగలదు, రేవు పక్క పేటలూ మిగలవు. సముద్రంలోకి ఎదురెళ్ళి, ఓడ ఎక్కి, దారి చూపిస్తూ లోపలికి తెచ్చే హార్బర్ పైలట్ల కోసం చుక్కాని అని కొత్త యాప్ తయారైంది. ఇవాళే విడుదల, మంత్రిగారు బటన్ నొక్కుతారు. మేస్త్రి పనిచేసింది ఆ యాప్ మీదే.

ఓడకు పైలట్ ఎవరని గోరింక అడిగింది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"మీ అక్క," అన్నాడు.

రూలు ప్రకారం గోరింకను ఈ కేసులోంచి తప్పించాలని ఆయన గుర్తుచేశాడు.

"తప్పించండి సార్. సెలవు చీటీ ఇప్పుడే రాసిస్తా. సెలవులో ఎక్కడికి పోవాలో, ఎవడి పీక పట్టుకోవాలో నా ఇష్టం."

పెద్దాయనకు కోపం వచ్చింది గాని ప్యాకేజింగ్ తెలిసిన మనిషి డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకరు లేరు. దిగమింగుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆ ఆఫీసులో వారం నుంచి సెక్యూరిటీ సలహాదారు వేషంలో మనవాడే ఉన్నాడు, పేరు పట్టు. కొక్కెం ముఠా తమవాడనుకునేంత లోతుగా వాళ్ళలో కలిసిపోయి మనకు కబుర్లు మోసేవాడు. వాడు ఏం చెబితే అది చెయ్యాలి. గోరింక తల ఊపింది. తల ఊపడానికి ఖర్చేముంది.

బయటికి వచ్చే దారిలో సామాన్ల బాబాయి గూడులాంటి గదిలోంచి పిలిచాడు. డిపార్ట్‌మెంట్ పరికరాలన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. చెవికి పెట్టుకునే దుద్దు ఇచ్చాడు. అందులో రేడియో ఉంది. ఒక పెన్ను ఇచ్చాడు. నొక్కితే మత్తు సూది వస్తుంది. వస్తుందా అని గోరింక అడిగితే, దాని మూడ్‌ని బట్టి అని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

వీధిలోకి వచ్చి ఆమె అక్కకు ఫోన్ చేసింది. వెనక పడవ ఇంజన్ మోత వినపడుతోంది.

"అక్కా, ఇవాళ డ్యూటీ మానెయ్యవే. ఒంట్లో బాగాలేదని చెప్పు."

"నా ఒంటికేం? దుక్కలా ఉన్నా. నీ బుర్రకేమైంది?"

అక్క దృష్టిలో చెల్లెలు ఇన్సూరెన్స్ కంపెనీలో గుమస్తా. పొగమంచు దిగుతోందని, ఇంత మంచులో అంత ఓడను లోపలికి తేగలిగేది రేవు మొత్తంలో తనొక్కతేనని, ఎవరి భయాలు వాళ్ళ దగ్గరే పెట్టుకోవాలని అక్క దులిపేసింది. అక్కను ఆపగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు. గోరింకకు ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది. రెండూ మింగి ఫోన్ పెట్టేసి, హార్బర్ బస్సెక్కింది.

*

ప్యాకేజింగ్ హాలు నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్ట్ మంత్రిగారి కోసం ఆపేశారు. గోరింక నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్ళజోడు, లైసెన్స్ ఆడిటర్ అనే బ్యాడ్జీతో మోకాలిని తిట్టుకుంటూ ఎక్కింది. బయటి లైబ్రరీలను ఏ షరతుల మీద వాడుతున్నారో చూసే ఆడిటర్ అంటే ఎవరికీ ఇష్టం ఉండదు, ఎవరూ ముఖంలోకి చూడరు. అంతకంటే మంచి మారువేషం లేదు.

హాల్లో ఒక ఏసీ నీళ్ళు కారుస్తోంది, కింద బకెట్ పెట్టారు. నల్ల వైర్లన్నీ జడలు వేసినట్టు కట్టి గోడ వెంట పాకించారు. మేస్త్రి కుర్చీ మీద ఆయన దిండు అలాగే ఉంది, కూర్చున్న గుంటతో సహా. దాని పక్క కుర్చీలో హాలు ఇన్‌చార్జి కళ్ళు ఎర్రగా చేసుకుని పనిచేస్తోంది. ముప్ఫై ఏళ్ళ మనిషి. ఆయన లేడన్న సంగతి ఇంకా నమ్మలేకపోతున్నానని, ఇవాళ విడుదల వాయిదా వెయ్యమంటే ఎవరూ వినలేదని చెప్పింది.

చుక్కానికి బయటి లైబ్రరీలు ఎన్ని కావాలని గోరింక అడిగింది. పిలిచింది నలభైని, దిగింది నాలుగు వందలు అని ఇన్‌చార్జి నిట్టూర్చింది. ప్రతి లైబ్రరీ తనకు కావలసిన ఇంకో నాలుగింటిని వెంటేసుకుని వస్తుంది మరి. పక్కింటి నుంచి నిచ్చెన అడిగితే వాళ్ళు తమ పక్కింటి నుంచి అరువు తెచ్చి ఇచ్చినట్టు. ఎక్కేముందు మెట్లు గట్టివో కావో చూసుకోవాలి. అందుకే తెలిసినవాళ్ళు ప్రతి లైబ్రరీకీ ఫలానా వెర్షనే కావాలని గిరి గీస్తారు, దాని వేలిముద్రలాంటి సంఖ్య సరిపోతేనే లోపలికి రానిస్తారు. లోపల ఒక్క చుక్క మారినా ఆ వేలిముద్ర మారిపోతుంది. మేస్త్రి ఉన్నన్నాళ్ళూ అలాగే చేశాడు. వారం కిందట, విడుదల తొందర్లో, ఆ తనిఖీ ఆపమని సెక్యూరిటీ సలహాదారు చెప్పాడట.

ఇక్కడివాళ్ళు సొంతంగా రాసిన లైబ్రరీలున్నాయా అని గోరింక మెల్లగా అడిగింది. ఉన్నాయంది ఇన్‌చార్జి. శాటిలైట్ చెప్పే స్థానాన్ని తీసుకొచ్చి తెర మీది మ్యాపుకు కలిపేది మేస్త్రి రాసిందే. అందరూ దాన్ని మేస్త్రి లైబ్రరీ అంటారు. అసలు పేరు వంతెన. ఆ పేరుతో పిలిచేది ఆయనొక్కడే.

కాలువలో ఈతగాళ్ళు ఇంకా వెతుకుతున్నారేమోనని గోరింకకు అనిపించింది. నా వంతెన నాది కాదు. ఆఫీసు సొంత లైబ్రరీలనూ, బయటివాటి అసలు నకళ్ళనూ దాచే లోపలి గిడ్డంగి ఒకటి ఉంది. అందులో వంతెనను తీయించి, వేలిముద్ర తీయించింది. నిక్షేపంగా ఉంది, మేస్త్రి పెట్టింది పెట్టినట్టే. మరి నాది కాదని ఎందుకన్నాడో ఆమెకు అందలేదు.

అంతలో హాల్లోకి సువాసన వచ్చింది, దాని వెనక పట్టు వచ్చాడు. బూడిద రంగు సూటు, మెడలో ఆకుపచ్చ పట్టు స్కార్ఫు, గోళ్ళకు మెరుగు. ఏడు భాషలు ఇంట్లో పుట్టినట్టు మాట్లాడతాడని పేరు. కీబోర్డుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది. వాడు అలాంటి అందగాడు. ఆడిటర్ గారికి కాఫీ ఇప్పిస్తానని వరండాలోకి తీసుకెళ్ళాడు. మెషీన్ దగ్గర కోడ్ మాటలు అయ్యాయి. పంచదార వెయ్యాలా అంటే, చేదు అలవాటే అని ఆమె.

పట్టు గొంతు తగ్గించి నవ్వాడు. "పెద్దాయన అనవసరంగా కంగారు పడుతున్నాడు. బయటి లైబ్రరీలన్నీ నేనే జల్లెడ పట్టాను. ఇక్కడివాళ్ళు రాసుకున్నవాటి జోలికెళ్ళి టైమ్ వేస్ట్ చెయ్యకు. చార్ట్, రాడార్, వాంటెనా, అన్నీ క్లీన్."

గోరింక కాఫీ చప్పరించింది. ముఖంలో ఒక్క గీత కదలలేదు. చెవిలో మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. వాంటెనా. యాంటెన్నాకు అన్నగారిలాగా.

మనం ఇంగ్లీషు అక్షరాలతో మన మాట రాసేటప్పుడు 'త'కు టి పక్కన హెచ్ పెడతాం. మేస్త్రి కూడా పెట్టాడు. వి, ఎ, ఎన్, టి, హెచ్, ఇ, ఎన్, ఎ. ఆ హెచ్ ఉన్నంతసేపు ఎంతటి పరాయివాడైనా ఆ పేరును వంకరగా పలుకుతాడేమో గాని దాంట్లోంచి 'ట' తీయలేడు. 'ట' రావాలంటే హెచ్ లేని పేరు చూసి ఉండాలి. ఎవరి నోటా వినకుండా, ఎక్కడో కాగితం మీదో తెర మీదో చూసి, అదేదో యాంటెన్నాకు సంబంధించిన సామాను అనుకుని ఉండాలి. మేస్త్రి లైబ్రరీ అని మాత్రమే వినపడే ఈ ఆఫీసులో వాడికి హెచ్ లేని పేరు ఎవరు చూపించారు?

ఏడు భాషలు వచ్చినవాడికి ఒక్క వంతెన రాలేదు.

*

ఆమె హాల్లోకి వచ్చి ప్యాకేజీలో ఏమేం వెయ్యాలో మెషీన్‌కు చెప్పే ఫైలు తెరిపించింది. మేస్త్రి లైబ్రరీ ఉన్న వరుస మీద వేలు పెట్టి, ఇది సరిగ్గా చూడమంది. ఇన్‌చార్జి చూసింది.

"సరిగ్గానే ఉంది కదండీ. వంతెన."

"మళ్ళీ చూడమ్మా. చదవకు, అక్షరాలు కూడబలుక్కో."

రెండోసారి కూడా ఇన్‌చార్జి వంతెన అనే చదివింది. మూడోసారికి చెయ్యి నోటి మీదికి పోయింది. హెచ్ లేదు.

ఇది మనవాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. అందుకే కొక్కెం ముఠా దాన్నే ఎంచుకుని, తను మార్చిన ఫైలును పట్టు చేత ఇక్కడ పెట్టించింది. ఒకే ఇంట్లో అన్న ఇంటిపేరును ఒకలా రాస్తాడు, చెల్లెలు ఇంకోలా రాస్తుంది, పెళ్ళి శుభలేఖలో మూడోలా పడుతుంది. ఎవరూ కంగారు పడరు. హెచ్ ఉన్నా లేకపోయినా మన కన్ను వంతెన అనే చదువుకుని ముందుకు పోతుంది. మెషీన్‌కు ఆ ఔదార్యం లేదు. హెచ్ లేని పేరు లోపలి గిడ్డంగిలో దొరక్క, అది బయటి బజారుకు వెళ్ళింది. ఎవడైనా ఏ పేరుతోనైనా లైబ్రరీ పెట్టుకోగల బజారు అది. అక్కడ కొక్కెం ముఠా సరిగ్గా ఆ పేరుతోనే కొట్టు తెరిచి కూర్చుంది, వెర్షన్ తొంభై తొమ్మిది. మెషీన్ దాన్ని ఆనందంగా మూటలో వేసుకుంది. అది మేస్త్రిది ఏం చేస్తుందో అన్నీ చేస్తుంది. అదనంగా, మంచులో ముఖద్వారం దగ్గరికి రాగానే ఓడ స్థానాన్ని పక్కకు జరిపి చూపిస్తుంది.

ఇప్పుడే ఆపేద్దామని ఇన్‌చార్జి లేచింది. సరిగ్గా అప్పుడే కింది అంతస్తు నుంచి చప్పట్లు వినపడ్డాయి. మంత్రిగారు బటన్ నొక్కేశారు.

గోరింక చెవి దుద్దు నొక్కి పెద్దాయనకు అంతా చెప్పింది. ఒక హెచ్ కోసం తన బెస్ట్ ఏజెంటును ద్రోహి అంటున్నావా అని పెద్దాయన అడిగాడు. అక్క మీద ప్రేమతో కళ్ళు మూసుకుపోయాయన్నాడు. వెంటనే అక్కడి నుంచి బయటికి వచ్చెయ్యమన్నాడు, ఇది ఆర్డర్ అన్నాడు. గోరింక దుద్దు తీసి ఏసీ కింద బకెట్లో వేసింది. ఆర్డర్ మునిగిపోయింది.

గోడ మీది పెద్ద తెరపై రాడార్ చూసిన నిజమైన బొమ్మ కనిపిస్తోంది. గ్యాస్ ఓడ చుక్క ముఖద్వారం వైపు మెల్లగా వస్తూ, రావలసిన దారి నుంచి ఎడమకు ఒరుగుతోంది. హార్బర్ టవర్ వాళ్ళు రేడియోలో అరుస్తున్నారు. ఓడ నుంచి జవాబు లేదు. కొత్త ఏర్పాటు ప్రకారం రేవులోకి అడుగుపెట్టిన ఓడ తెరలూ, మాటలూ అన్నీ చుక్కాని గుండానే నడవాలి. ఇప్పుడు చుక్కాని నోరు కొక్కెం చేతిలో ఉంది.

గ్యాస్ ఓడ ఎక్కేముందు సెల్‌ఫోన్ ఆపెయ్యాలి, కాబట్టి అక్కను పిలవడానికి దారి లేదు. ఒక్కటి మాత్రం తెరిచే ఉంది. కొత్త వెర్షన్ కోసం యాప్ మాటిమాటికీ ఆఫీసు వైపు చూస్తోంది. ఆ తలుపు ఎందుకు మూయలేదో గోరింకకు అర్థమైంది, ఒళ్ళు మండిపోయింది. ఓడ మునిగాక శుభ్రమైన వెర్షన్ పంపి ఆనవాళ్ళు చెరిపేస్తారు. యాప్ కడిగిన ముత్యంలా దొరుకుతుంది. తప్పంతా పైలట్‌దే అవుతుంది. అక్క ప్రాణమూ పోతుంది, పరువూ పోతుంది.

వెర్షన్ పంపాలంటే అది ఆఫీసు పంపిందేనని యాప్‌కు రుజువు చూపే సంతకపు కార్డు కావాలి. అది పట్టు జేబులో ఉంది. వాడు సర్వర్ గదిలో ఉన్నాడని ఇన్‌చార్జి చెప్పింది.

*

సర్వర్ గది చలిగా, ఫ్యాన్ల హోరుతో ఉంది. పట్టు ఇనప అలమరల మధ్య కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని, చిన్న పిస్తోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"వస్తావనుకున్నా," అన్నాడు. "ఎక్కడ దొరికానో చెప్పు, దిద్దుకుంటాను. నా పనిలో నాకు గౌరవం ఎక్కువ."

గోరింక చెప్పలేదు. శత్రువుకు పాఠం చెప్పడానికి రాలేదు. పెన్ను నొక్కింది. పెన్ను మూడ్ బాగాలేదు. పట్టు నవ్వాడు. ఓడ మీద ఉన్నది ఆమె అక్క అని తనకు మొదటి నుంచీ తెలుసన్నాడు. డబ్బూ, కొత్త పేరూ, కొత్త దేశమూ ఇప్పిస్తానన్నాడు. ఒక పైలట్ కోసం ఇంత జీవితం పాడుచేసుకోవడం దేనికని మర్యాదగా అడిగాడు.

"నీకు పేర్లు మార్చుకోవడం అలవాటు," అంది గోరింక. "దాన్ని అక్కా అని పిలిచేది లోకంలో నేనొక్కదాన్నే. ఆ పిలుపు నేను ఎవడికీ అమ్మను."

అంటూనే నెరిసిన విగ్గు పీకి వాడి ముఖాన కొట్టింది. వాడు ఉలిక్కిపడి పిస్తోలున్న చెయ్యెత్తాడు. పేలిన గుండు పైకప్పులోకి పోయింది. ఆమె అలమర ఇనప తలుపు లాగి ఆ మణికట్టు మీద బలంగా మూసింది. పిస్తోలు జారింది. మిగతా పని మోకాలు చేసింది, ఎప్పుడూ మొరాయించే మోకాలే. పట్టును వాడి పట్టు స్కార్ఫుతోనే అలమరకు కట్టేసి, జేబులోంచి కార్డు తీసుకుని హాల్లోకి పరుగెత్తింది.

ఇన్‌చార్జి అప్పటికే హెచ్ పెట్టి కూర్చుంది. గోరింక ముందు బయటి ఇంటర్నెట్ వైరును గోడలోంచి ఊడబీకింది. ఓడలకు పోయే రేవు సొంత లైను వేరే ఉంది. ఇక మెషీన్ ఎంత ఏడ్చినా బజారుకు పోలేదు. ఉన్నదాంతోనే, లోపలి గిడ్డంగి సరుకుతోనే, ప్రతిదాని వేలిముద్ర చూసుకుంటూ మూట కట్టుకోవాలి. ప్యాకేజీ మొదలైంది. వరుసలు తెర మీద పరుగెత్తాయి. చివరికి ఎర్రగా ఆగిపోయాయి. ఏదో ఒక లైబ్రరీ గిడ్డంగిలో లేదట, బయటి నుంచే రావాలట.

"ఏం చేస్తుందది?" అంది గోరింక.

"యాప్ తెరుచుకునేటప్పుడు గుండ్రంగా తిరిగే బొమ్మ చూపిస్తుందండీ."

"అది లేకపోతే ఓడ ఆగుతుందా?"

"ఆగదండీ."

"అయితే పీకెయ్."

పీకేసింది. నాలుగు వందల మందిలో ఒకడు తగ్గాడు, ఎవరూ బెంగపెట్టుకోలేదు. గోడ మీద ఓడ చుక్క రాళ్ళ వైపు ఇంకో వేలెడు జరిగింది. వెర్షన్ ఎంత పెట్టాలని ఇన్‌చార్జి అడిగింది. ఏది పెద్దదైతే యాప్ దాన్నే తీసుకుంటుంది. వాడు తొంభై తొమ్మిది పెట్టాడు కాబట్టి మనం వంద అంది గోరింక.

మూట కట్టడం అయింది. కార్డు పెట్టి సంతకం చేస్తుండగా తలుపు బద్దలైంది. డిపార్ట్‌మెంట్ వాళ్ళు, తుపాకులతో. వెనక ఆయాసపడుతూ పెద్దాయన. నాలుగు అంతస్తులు ఆయనా ఎక్కవలసి వచ్చింది.

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి. తియ్యకపోతే కాల్చమంటాను."

గోరింక వెనక్కి తిరిగి చూడలేదు. ఇన్‌చార్జి లేచి ఆమె వీపు వెనక అడ్డంగా నిలబడింది. ఎవరూ చెప్పలేదు, తనే నిలబడింది.

"కాల్పించండి సార్," అంది గోరింక. "పంపాక."

నొక్కింది.

ఎవరూ కాల్చలేదు. అందరూ గోడ వైపు చూస్తున్నారు. చుక్క రాళ్ళ మీదికి పోతూనే ఉంది. వెళ్ళింది, అందింది, విప్పుకుంటోంది అని తెర చెబుతోంది. చుక్కా రాళ్ళూ ఒకదాన్నొకటి ముట్టుకున్నట్టే కనిపించాయి. అప్పుడు చుక్క ముక్కు కుడికి తిరిగింది. ఇంకొంచెం తిరిగింది. రాళ్ళకీ దానికీ మధ్య సన్నటి నల్ల గీత కనపడింది, ఆ గీత వెడల్పయింది. ఇన్నాళ్ళ ఉద్యోగంలో గోరింక ఎవరి ముందూ ఏడవలేదు. ఇప్పుడు ఏడ్చింది, దాచుకోలేదు.

హాల్లో స్పీకర్ గరగరలాడింది. రేడియో తిరిగొచ్చింది. ఆడగొంతు ఒకటి ఎవరో కెప్టెన్‌ను గుక్కతిప్పుకోకుండా తిడుతోంది. అంత తియ్యటి తిట్లు గోరింక ఎన్నడూ వినలేదు.

పెద్దాయన సర్వర్ గదిలోకి వెళ్ళి, అలమరకు కట్టేసి ఉన్న తన బెస్ట్ ఏజెంటును చాలాసేపు చూసి వచ్చాడు. ఆర్డర్ ధిక్కరించినందుకు విచారణ తప్పదని, రిపోర్టు ఇవ్వాలని అన్నాడు. గొంతులో మునుపటి బిగువు లేదు. రిపోర్టు ఇస్తానంది గోరింక. ఈసారి మేస్త్రి లాంటివాడు ఫోన్ చేస్తే ఈతగాళ్ళను పంపే ముందు ఎవరినైనా మాట అర్థం అడగమని అందులో మొదటి వాక్యంగా రాస్తానంది. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి తుడవడానికి చెమ్మ ఉంది.

*

సాయంత్రం అక్కే ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయింది. ఇవాళ ఏం జరిగిందో ఇన్సూరెన్స్ కంపెనీలో కూర్చునేవాళ్ళకు ఊహకు కూడా అందదని మొదలుపెట్టింది. తెర ఎడమకు పొమ్మంటుంది, తన ఒళ్ళంతా కాదంటుంది. కెప్టెన్ తెరనే నమ్మాడు. చక్రం పట్టుకున్నవాడు ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. యంత్రం కంటే నీకెక్కువ తెలుసా అని కెప్టెన్ అంటే, తెలుసు, ఈ నీళ్ళలో నాకే తెలుసు అని తను చక్రానికి అడ్డంగా నిలబడిందట. తోసేయమని కెప్టెన్ మనుషులను పిలిచాడట. అంతలో తెర ఆరిపోయి మళ్ళీ వెలిగింది. వెలిగి, అక్షరాలా తను చెప్పిందే చెప్పింది. కెప్టెన్ ముఖం చూడాలి. రాళ్ళు చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి పోయాయి.

గోరింక వింటూ కూర్చుంది. అక్క బతికి ఉంది, అరుస్తోంది. ఇంకేం కావాలి.

"నా మాటే కరెక్టని ఈ లోకంలో ఒప్పుకున్నది ఆ మిషనొక్కటేనే," అంది అక్క. "సొంత చెల్లెలివి, నువ్వెప్పుడైనా ఒప్పుకున్నావా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గోరింక దాన్ని అక్కడే ఆపింది.

"అయితే ఆ మిషన్నే చెల్లెలనుకో అక్కా."

ఫోన్లో సముద్రం హోరు వినపడింది.

"అదే అనుకుంటున్నా," అంది అక్క. "కనీసం అది ఎక్కడ పనిచేస్తుందో నాకు తెలుసు."